తేనెపిట్ట కాని పిట్ట కోసం రాక్‌పోర్ట్ దాకా

సెలవు దొరికిందనో, సముద్రం చూడాలనో నేను ఈ ప్రయాణం చేయలేదు. కోపంతో బయల్దేరాను. డాలస్ పక్కన కాపెల్‌లో మా తెలుగు చర్చి నెలనెలా వేసే పత్రికలో పిల్లల పేజీ రాసేది నేను. ఆగస్టు సంచికలో హమ్మింగ్‌బర్డ్‌ల గురించి రాశాను: మన పెరట్లోకి ఎప్పుడొస్తాయి, ఎప్పుడు వెళ్ళిపోతాయి, ఏవి ఏడాదంతా ఉండిపోతాయి. కాలేజీ పరీక్షల కంటే శ్రద్ధగా, మూడు వారాలు కూర్చుని రాసిన పేజీ అది. అచ్చయి చేతికొచ్చాక చూస్తే, పిట్టలు తాగేందుకు వేలాడదీసే ఫీడర్‌లో "పంచదార నీళ్ళు" పోయాలని నేను రాసిన చోట "తేనె నీళ్ళు" అని ఉంది. చివర్లో నేను రాయని వాక్యం ఒకటి వచ్చి చేరింది: "సెప్టెంబరు మొదట్లో లేబర్ డే కల్లా ఫీడర్లు తీసేయాలి, లేకపోతే పిట్టలు తిండికి మరిగి వలస మానేసి చలికి చనిపోతాయి." రెండూ తప్పే. కింద పేరు మాత్రం నాది, బొద్దు అక్షరాల్లో: నిస్సీ.

మార్చింది పత్రిక సంపాదకుడు సంజీవరావు అంకుల్. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారం మా అందరి తెలుగుకి మరమ్మతు. ఆరాధన అయ్యాక పట్టుకుని అడిగితే ఆయన ఏమాత్రం తొణకలేదు. "ఎడిటింగ్ అంటే కన్సిస్టెన్సీ అమ్మా. పేజీ నిండా తేనెపిట్ట, తేనెపిట్ట అని రాశావు. తేనెపిట్టకి పంచదార పెట్టమంటే చదివేవాళ్ళు నవ్వరా?" అన్నారు. నాకు మరింత మండింది. ఎందుకంటే ఆ పదం నాదే. నిఘంటువులో హమ్మింగ్‌బర్డ్‌కి ఎదురుగా "తేనెపిట్ట" అని కనిపించినప్పుడు ఎంత మురిసిపోయానంటే, నచ్చిన మాటలు రాసుకునే నా పదాల పుస్తకంలో దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసుకున్నాను.

చర్చి వాట్సాప్ గ్రూపులో ఫోటోలు మొదలయ్యాయి. ఒకరు ఇండియన్ స్టోర్ నుంచి ఖరీదైన తేనె సీసా తెచ్చి సగం ఫీడర్‌లోకి వంపారు. ఇంకొకరు తేనె కంటే ఆరోగ్యమని ఆర్గానిక్ బెల్లం కరిగించి పోశారు. ప్రతి ఫోటో కింద "థాంక్యూ నిస్సీ" అని రాసి దండం పెట్టే చేతులు. తేనె నీళ్ళు ఎండకి ఇట్టే పులిసి బూజు పడతాయి, ఆ బూజు పిట్టకి ప్రాణాంతకం కావచ్చు. బెల్లంలో ఉండే ఇనుము దాని ఒంటికి పడదు. ఇదంతా రాసి సెప్టెంబరు సంచికకి సవరణ పంపాను. అంకుల్ చోటు లేదన్నారు. పిల్లల పేజీకి సవరణ ఏంటమ్మా, ఎవరు చూస్తారు అని కూడా అన్నారు. తప్పు ఉన్నప్పుడు ఊరంతా చూసిన పేజీని, దిద్దమనేసరికి ఎవరూ చూడరట.

దారి చూపించింది అంకుల్ వాళ్ళావిడ కరుణ ఆంటీ. ఆంటీ వంటగది కిటికీ బయట జూన్ నుంచీ ఒక పిట్ట వచ్చేది, గొంతు కింద కెంపులా మెరిసే మగపిట్ట. దాన్ని ఆంటీ "బుజ్జిముండ" అని పిలుస్తుంది, అంకుల్ పక్కనుంటే కాస్త గొంతు తగ్గించి. లేబర్ డే రోజున అంకుల్ ఆ ఫీడర్ విప్పి గరాజ్‌లో పెట్టేశారు. ఆ తరవాతి ఆదివారం మేమిద్దరం మళ్ళీ వాదించుకుంటుంటే ఆంటీ మధ్యలోకొచ్చి, "నా కిచెన్‌లో కొట్టుకోవద్దు. అవి ఎటు పోతాయో అక్కడికే పోయి చూద్దాం. అక్కడ ఏం తేలితే అది పేపర్‌లో వెయ్యండి" అంది. అంకుల్ సరేనన్నారు, తనే నెగ్గుతానన్న ధీమాతో. అలా నా సవరణ భవిష్యత్తు టెక్సస్ తీరంలో రాక్‌పోర్ట్ అనే చిన్న ఊరికి వాయిదా పడింది. అక్కడ సెప్టెంబరులో ఈ పిట్టలు వందలకొద్దీ ఆగుతాయి. దక్షిణానికి పోయే ముందు కడుపు నింపుకునే చోటన్నమాట.

సెప్టెంబరు మూడో వారం, శుక్రవారం మధ్యాహ్నం ఒంటి గంటకి ఆంటీ వ్యాన్‌లో బయల్దేరాం. రాక్‌పోర్ట్ కాపెల్ నుంచి సుమారు నాలుగు వందల మైళ్ళు. ఆగకుండా పోతే ఆరున్నర గంటలు, శుక్రవారం ఆస్టిన్ ట్రాఫిక్‌తో ఏడు పైనే. ముప్పై అయిదో నంబరు హైవే మీద వేకో దాటి, ఆస్టిన్ ఊళ్ళోకి పోకుండా టోల్ రోడ్డు ఎక్కండి. పదీ పదిహేను డాలర్లు పోతే పోయాయి, గంట మిగులుతుంది. లాక్‌హార్ట్ దగ్గర నూట ఎనభై మూడు పట్టుకుంటే లూలింగ్, గొంజాలెస్, గోలియడ్ మీదుగా దాదాపు తీరం దాకా అదే దారి. పెట్రోలుకి ఒకవైపు యాభై డాలర్లు అయింది. ఆంటీ డ్రైవ్ చేసింది, అంకుల్ పక్కన కూర్చుని లేన్ మారమని సలహాలిచ్చారు. దారిలో ఆయన, ఈ పిట్టలకి వీసా స్టాంపింగ్ గొడవ లేదు, మెక్సికో బోర్డర్ ఇట్టే దాటేస్తాయి అని జోకేశారు. ఆ జోకు నేను ఆ నెలలో వినడం నాలుగోసారి. నవ్వలేదు. ఆంటీ కూడా నవ్వలేదు. నీళ్ళ సీసా అందివ్వమని మాత్రం అంది.

రాత్రి బస ఊరి మొదట్లో ఒక మోటెల్‌లో. గది నూట పది డాలర్లు, రెండు తీసుకున్నాం. ఈ నెలలో శనివారాలకి గదులు దొరకవు కాబట్టి ఆగస్టులోనే బుక్ చేసుకోవడం మంచిది. మాకు ఎవరో రద్దు చేసుకుంటే దొరికాయి. ఆంటీ తెచ్చిన కోడివేపుడు, పెరుగన్నం తిని పడుకున్నాం.

పొద్దున్న ఏడింటికల్లా ఓక్ చెట్ల మధ్య ఉన్న ఒక ఇంటి ముందున్నాం. వలస రోజుల్లో ఈ ఊళ్ళో కొందరు తమ పెరడు అందరికీ తెరిచి పెడతారు, టికెట్టేమీ ఉండదు. ఆ ఇంటావిడ పేరు బెవర్లీ, డెబ్బై ఏళ్ళుంటాయి, చేతిలో కాఫీ, కాళ్ళకి రబ్బరు బూట్లు. పెరట్లో పద్నాలుగు ఫీడర్లు. నేను అక్కడ చూసింది చెప్పడానికి నా పదాల పుస్తకమంతా వెతికాను. గుంపు అందామంటే గుంపుకి ఒక దిక్కుంటుంది, వీటికి లేదు. ఒకటి తాగుతుంటే ఇంకొకటి తరుముతుంది, తరిమినదాన్ని మూడోది తరుముతుంది. చెవి పక్కనుంచి పోతే చిన్న మోటారు పోయినట్టుంటుంది. ఒక్కో పిట్ట పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం కంటే కాస్త బరువుంటుంది, అంతే. కానీ దాని పంతం మాత్రం మా అంకుల్‌దీ నాదీ కలిపినంత.

బెవర్లీ గారు నింపుతుంటే నేను దగ్గరికెళ్ళి ఏం పోస్తారని అడిగాను, అంకుల్‌కి వినపడేలా. ఒక కప్పు తెల్ల పంచదార, నాలుగు కప్పుల నీళ్ళు అన్నారావిడ. రంగు కలపరట, ఎండలు ముదిరితే రోజూ, లేకపోతే రెండు రోజులకోసారి కడిగి మారుస్తారట. అంకుల్ లేబర్ డే సంగతి ఎత్తారు. ఆవిడ కాఫీ తాగుతూ, ఆ మాట ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారని చెప్పారు. వాటిని పంపించేది మన సీసా కాదు, పగటి పొద్దు. పగలు కురచబడితే ఒంట్లోనే గంట మోగుతుంది, ఎంత తిండి ఉన్నా ఆగవు. మగవి ముందు, జులై, ఆగస్టుల్లోనే కదులుతాయి. తరవాత ఆడవి. అన్నిటికంటే చివర ఈ ఏడు పుట్టిన పిల్లలు. దారి చూపే పెద్దలు వెంట లేకుండా, ఎన్నడూ చూడని చోటికి. కొన్ని తీరం వెంబడే మెక్సికో పోతాయి, కొన్ని నేరుగా సముద్రం మీదుగా ఎక్కడా వాలకుండా ఐదు వందల మైళ్ళు. అంత దూరానికి ముందు ఒంటి బరువు దాదాపు రెండింతలు చేసుకోవాలి. మీ డాలస్ మీదుగా ఇప్పుడే కదా అవి దిగుతున్నాయి, ఇప్పుడు ఫీడర్ తీసేస్తే ఎలా అని ఆవిడ మామూలుగానే అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా గ్రూపులో లేబర్ డే నాడు తీసేసిన ఫీడర్లు పదకొండు, ఒక్కో ఇంటివాళ్ళూ "డన్" అని పెట్టిన మెసేజీలు నేను లెక్కపెట్టాను.

అప్పుడే కొంచెం పెద్ద పిట్ట ఒకటి వచ్చి వాలింది. ఎర్ర ముక్కు, ఆకుపచ్చ గొంతు, లేత గోధుమరంగు పొట్ట. బెవర్లీ గారు దాన్ని చూపించి, వీళ్ళందరూ చుట్టాలు, ఇది మాత్రం మా ఇంటిది అన్నారు. బఫ్‌బెల్లీడ్ అంటారట, దక్షిణ టెక్సస్ తీరంలో ఏడాదంతా ఉంటుంది. చలికాలంలో పడమటి నుంచి రూఫస్ అనే ఇటుకరంగు పిట్టలు కూడా కొన్ని వచ్చి ఈ తీరంలో ఉండిపోతాయి. కాలిఫోర్నియా నుంచి సియాటిల్ దాకా ఉన్న చదువరులకైతే ఆనాస్ అనే రకం డిసెంబరులో కూడా పెరట్లో కనిపిస్తుంది. దేశం తూర్పు సగంలో అరోరా, జెర్సీ సిటీ వైపు వాళ్ళకి కెంపుగొంతు పిట్ట ఒక్కటే ఎక్కువగా కనిపిస్తుంది, ఏప్రిల్ చివర్లో వచ్చి అక్టోబరు మొదట్లో కనుమరుగవుతుంది. మా కాపెల్‌లో మార్చి చివర నుంచి అక్టోబరు నడుమ దాకా. ఇవన్నీ నేను ఆగస్టు పేజీలో సరిగ్గానే రాశాను. వీటిని ఎవరూ దిద్దలేదు.

కరుణ ఆంటీ అంతవరకూ కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉంది. పిట్టలు కాస్త పలచబడ్డాక లేచి బెవర్లీ గారి దగ్గరికి వచ్చి, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. తన కిటికీ దగ్గరి పిట్టకి జూన్ నుంచీ పంచదార నీళ్ళే పోశానని, ఆగస్టులో పేపర్ చదివి, ఇన్నాళ్ళూ దానికి చవక తిండి పెట్టానే అని సిగ్గుపడి తేనెకి మార్చానని. మూడు వారాలు అలాగే పోశానని. ఆగస్టు ఆఖర్న ఒకరోజు అది కొమ్మ మీద ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చుందని, నిద్రపోతోందనుకుని ఫోటో కూడా తీశానని, మర్నాటి నుంచి రాలేదని.

"నేను చంపానా?" అని అడిగింది.

బెవర్లీ గారు ఫోటో చూశారు, కళ్ళజోడు పైకి తోసుకుని ఇంకోసారి చూశారు. "మగపిట్ట కాబట్టి ఆగస్టులో వెళ్ళిపోయే ఉండొచ్చు. కాకపోనూ వచ్చు. నాకు తెలీదు, తెలిసినట్టు నీకు అబద్ధం చెప్పను" అన్నారు. ఆంటీ తలూపి థాంక్స్ చెప్పి, ఫోను హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. అంకుల్ ఫీడర్ల వైపు చూస్తూ నిలబడ్డారు. నేను నెగ్గాను. నెగ్గితే ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఇంకో మాట కూడా అక్కడే తేలింది. మన తేనెపిట్ట వేరు. గుంటూరులో మా అమ్మమ్మ ఇంటి మందారాల మీద వాలి, కొమ్మ పట్టుకుని, వంకర ముక్కుతో తాగేది తేనెపిట్ట. ఇది గాల్లో నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. హమ్మింగ్‌బర్డ్‌లు ఈ రెండు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. మన భాష ఈ పిట్టని ఎన్నడూ చూడలేదు, కాబట్టి పేరు పెట్టలేదు. ఎవరో తొందరపడి పక్క పిట్ట పేరు తెచ్చి తగిలించారు, నేను దాన్ని చూసి మురిసిపోయాను. నిఘంటువు మీద కూడా కోపమొచ్చింది. అది ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే నిఘంటువు నన్ను రాయమనలేదు.

పదకొండింటికి తిరుగు ప్రయాణం. ఈసారి అంకుల్ డ్రైవ్ చేశారు. లూలింగ్‌లో పెట్రోలు పోయించుకుని, బంకు పక్కనే నీడలో వ్యాన్ ఆపి, తర్వాతి సంచిక దాకా ఆగకుండా మర్నాడు చర్చి ప్రకటనల్లో చదవాల్సిన సవరణ రాద్దామన్నారు. నేను ఫోను తీశాను. ఆయన చెప్పిన మొదటి వాక్యం: "ఆగస్టు పిల్లల పేజీలో ఒక పొరపాటు దొర్లింది."

నేను టైప్ చేయలేదు. దొర్లడానికి అదేమైనా గుమ్మడికాయా అంకుల్ అని అడిగాను. పత్రికలన్నీ అలాగే రాస్తాయన్నారు. అదే నా బాధ. తెలుగులో తప్పుకి కాళ్ళొస్తాయి, చక్రాలొస్తాయి, అదే నడిచొస్తుంది, అదే దొర్లుతుంది, చేసిన మనిషి మాత్రం ఎక్కడా కనపడడు. సరే అని మార్చారు: "మనం పొరపాటు పడ్డాం."

వెనక సీట్లోంచి ఆంటీ అంది: "మనం అంటే? నన్నెందుకు కలిపారు? మీరు రాసింది చదివి పోసినదాన్ని నేను."

నాకు తెలుగు మీద ప్రేమ పొంగింది ఆ క్షణంలో. మనం అంటే వినేవాళ్ళు కూడా. మేము అంటే వినేవాళ్ళు కాదు. ఇంగ్లీషులో ఈ తప్పించుకోవడం పట్టుబడేదే కాదు, రెండింటికీ ఒకటే మాట. అంకుల్ "మేము" అన్నారు. ఆ "మేము"లో నేనెందుకున్నానని అడిగాను. ఆయన అద్దంలో నా వైపు చూసి, చాలా మెల్లగా, "తేనెపిట్ట అని రాసింది ఎవరమ్మా?" అన్నారు. నెల రోజులుగా నేను ఊగిపోతున్న కోపంలో ఈ ప్రశ్నకి చోటివ్వలేదు. పదం నచ్చిందని అడిగి చూడకుండా వాడాను. ఆయన నా పదాన్ని నమ్మి తేనె అని మార్చారు. ఆంటీ మా ఇద్దరినీ నమ్మింది. చివరికి సవరణ రెండు ముక్కలుగా రాసుకున్నాం, ఎవరి వాక్యం వాళ్ళు చదవాలని. సాయంత్రం ఆరున్నరకి ఇల్లు చేరాం.

ఆదివారం ప్రకటనల్లో అంకుల్ లేచి చదివారు: "పంచదార నీళ్ళని తేనె నీళ్ళుగా మార్చింది నేను. ఫీడర్లు తీసేయమని రాసింది కూడా నేను. రెండూ తప్పు. ఈ రోజే మళ్ళీ పెట్టండి." మైకు నాకిచ్చారు. "ఆ పిట్ట తేనెపిట్ట కాదు. అడగకుండా ఆ పేరు పెట్టింది నేను" అని చదివాను. ఆయన గొంతు నా గొంతు కంటే స్థిరంగా ఉంది, ఒప్పుకోవాలి. బయట భోజనాల దగ్గర బెల్లం పోసిన అన్నయ్య నన్నాపి, వైట్ షుగర్ ఒంటికి మంచిది కాదు కదా సిస్టర్ అన్నారు. పిట్టకి షుగర్ వ్యాధి రాదన్నయ్యా, బూజు వస్తుంది అన్నాను, అనాల్సిన దానికంటే గట్టిగా. ఆయన ఫీడర్ కడిగిన ఫోటో సాయంత్రానికి గ్రూపులో వచ్చింది. పదకొండులో ఏడు తిరిగి వేలాడాయి. మిగతా నాలుగిళ్ళ మీద నా కోపం అలాగే ఉంది.

బుధవారం కాలేజీ నుంచి వస్తూ ఆంటీ వాళ్ళింటికెళ్ళాను. కిటికీ బయట ఫీడర్ దగ్గర ఒక పిట్ట గాల్లో నిలబడి తాగుతోంది. వచ్చేసింది కదా ఆంటీ అనబోయాను. ఆంటీ అంట్లు కడుగుతూ, తల తిప్పకుండానే అంది: "అది కాదు. దానికి గొంతంతా ఎరుపు. దీనికి సన్నటి గీతలు, మధ్యలో ఒక్క ఎర్ర చుక్క. ఈ ఏటి పిల్ల." గిన్నె బోర్లించి, "ఒక్కటే పోతోంది కదా, తాగనీ" అంది.

ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. నాకు పదాలంటే ఇష్టం, ఇప్పుడు ఇంకా ఎక్కువ. కానీ పదం అందంగా ఉందని అది నిజం కాదు. మనం రాసిన మాటని ఎవరో ఒకరు చదివి, నమ్మి, గరిటెతో కలిపి, ఒక ప్రాణికి పట్టిస్తారు. వేరే భాష పేరైనా సరే, ఇకపై నేను హమ్మింగ్‌బర్డ్ అనే రాస్తాను. మన భాష దాన్ని చూసి, దానికి తనదైన పేరు పెట్టేదాకా ఆగుతాను. మా ఆంటీ పిట్ట మెక్సికోలో ఉందో లేదో నాకు తెలీదు. తెలీదు అని రాయడం కూడా ఈ ప్రయాణంలోనే నేర్చుకున్నాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: రాక్‌పోర్ట్‌కి సెప్టెంబరు రెండు, మూడు వారాల్లో, పొద్దున్న ఏడు, తొమ్మిది గంటల మధ్య చేరేలా వెళ్ళండి. బయల్దేరే ముందు మీ ఇంటి ఫీడర్ కడిగి, తాజా పంచదార నీళ్ళు పోసి, వేలాడదీసే వెళ్ళండి. మీరు వాటిని చూడ్డానికి తీరానికి పోయిన రోజునే, వాటిలో ఒకటి మీ పెరట్లో దిగొచ్చు.